ట్రాక్ బైకుకి చక్రాల సైజు ఎలా ఎంచుకోవాలి: 150–200 సీసీ బండ్ల వాళ్ల కోసం

"యమహా ఆర్15కి వెనకాల 150 మి.మీ. టైరు పడుతుందా?" "అపాచీకి కేటీఎం ఆర్‌సీ చక్రాలు ఎక్కించొచ్చా?" "17 తీసేసి చిన్న చక్రం వేస్తే మలుపుల్లో బండి ఇట్టే తిరుగుతుందా?" ట్రాక్ డేకి (రేసు ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజుకి) మొదటిసారి బయల్దేరేవాళ్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి అడక్కుండా ఉండరు. పడుతుంది, ఎక్కించొచ్చు, తిరుగుతుంది. ల్యాప్ టైమ్ మాత్రం తగ్గదు. చాలాసార్లు పెరుగుతుంది కూడా.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.717 కిలోమీటర్ల సర్క్యూట్ మీదో, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే మీదో రోడ్డు బండిని ట్రాక్‌కి తయారుచేసుకుని నడిపేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. కార్ట్ ట్రాకుల మీద తిరిగే 12 అంగుళాల మినీ బైకుల సంగతి చివర్లో ఉంది.

చక్రం సైజు అంటే ఒక్క 17 అనే అంకె కాదు. రిమ్ము వ్యాసం, రిమ్ము వెడల్పు, టైరు ఎక్కాక వచ్చే బయటి వ్యాసం, ఈ మూడూ కలిసిందే సైజు. మొదటిదాని గురించి మీరు ఆలోచించాల్సింది పెద్దగా లేదు. చిన్న బండ్లకి మంచి టైర్లన్నీ 17లోనే దొరుకుతాయి, కాబట్టి 17 దగ్గరే ఉండండి. మీ బండికి 18 అంగుళాల స్పోకు చక్రాలుంటే (ఆర్ఎక్స్100 లాంటివి) అదే హబ్బుకి 17 రిమ్ము కట్టించుకోవచ్చు. స్పోకులు మాత్రం సుమారు 12–13 మి.మీ. పొట్టివి కావాలి, పాతవి పనికిరావు. అసలు తేడా వచ్చేది మిగతా రెండు అంకెల్లో.

వరుస ఇలా ఉండాలి: ముందు నిబంధనలు, తర్వాత టైరు, ఆ టైరుకి సరిపడే రిమ్ము, ఆ తర్వాత జాగా, చివర్న గేరింగ్. ఎక్కువమంది ఎక్కడో మంచి అల్లాయ్ వీల్ చౌకగా దొరికిందని రిమ్ముతో మొదలుపెట్టి, దానికి తగ్గ టైరు కోసం వెతుక్కుంటారు. డబ్బు పోయేది అక్కడే.

కావలసినవి

- 150 మి.మీ. వెర్నియర్ కాలిపర్, ఉక్కు స్కేలు, టేపు
- ముందుకీ వెనక్కీ ప్యాడాక్ స్టాండ్లు
- టార్క్ రెంచ్, మీ బండి సర్వీస్ మాన్యువల్ (యాక్సిల్ నట్టు, డిస్కు బోల్టుల టార్క్ అంకెలు అందులోవే వాడాలి)
- మీ సొంత ప్రెజర్ గేజ్. బంకులో గేజ్‌ని నమ్మొద్దు. మీ గేజ్ కాస్త తప్పు చూపించినా ఎప్పుడూ అదే తప్పు చూపిస్తే పని జరుగుతుంది.
- సామాన్లు తూచే వేలాడే డిజిటల్ తూకం
- సుద్దముక్క, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే, నాలుగైదు మీటర్ల నైలాన్ దారం
- నోట్‌బుక్

1. మీరు దిగే క్లాసు నిబంధనలు చదవండి

స్టాక్ క్లాసుల్లో రిమ్ములు కంపెనీవే ఉండాలని, టైరు నిర్వాహకులు చెప్పిందే వాడాలని సాధారణంగా రూలు ఉంటుంది. అలా ఉంటే మీ పని సగం తేలిపోయినట్టే: 5వ మెట్టుకి వెళ్లిపోండి. ట్రాక్ డేకి మాత్రమే వెళ్తుంటే స్వేచ్ఛ ఎక్కువ, కానీ రేపు రేసులో దిగాలనుకుంటే ఆ రూలు పుస్తకం ఈరోజే చూసుకోండి. కొన్న చక్రాలు స్క్రూటినీలో (రేసుకి ముందు జరిగే బండి తనిఖీలో) తిప్పి పంపితే వాటిని తిరిగి కొనేవాళ్లు దొరకరు.

2. ఇప్పుడున్నది కొలిచి రాసుకోండి

విప్పకముందే ఇవి రాయండి:

- రిమ్ము మీద పోత అక్షరాల్లో ఉండే సైజు. "17 x ఎంటీ 2.50" లాంటిది ఉంటుంది. 17 వ్యాసం, ఎంటీ అంటే ట్యూబ్‌లెస్ బీడ్ (రిమ్ములో ఇమిడే టైరు అంచు) కూర్చునే ఆకారం, 2.50 వెడల్పు అంగుళాల్లో.
- టైరు పక్కన ఉన్న పూర్తి సైజు, తయారీ తేదీ. నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం.
- ఒక చుట్టు దూరం. టైరుకీ నేలకీ ఒకే చోట సుద్దగీత గీసి, బండి మీద మనిషి కూర్చుని ఉండగా సరిగ్గా ఒక చుట్టు ముందుకి తోసి, గీత నుంచి గీతకి కొలవండి. ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి.
- ఫోర్కు గొట్టం పై క్లాంపు మీద ఎన్ని మి.మీ. బయటికి ఉందో.
- చైన్ అడ్జస్టర్ గుర్తు ఎక్కడుందో, ముందూ వెనకా స్ప్రాకెట్ల పళ్లు ఎన్నో.
- టైరుతో సహా ఒక్కో చక్రం బరువు.

రిమ్ము మీద అక్షరాలు చెరిగిపోతే వెడల్పు మీరే కొలవాలి. ఇక్కడ తప్పు చేసేవాళ్లు చాలామంది. వెడల్పు అంటే రెండు అంచుల మధ్య *లోపలి* దూరం, బీడ్ ఆనుకునే గోడ నుంచి గోడకి. బయటి అంచుల మీద కొలిస్తే పన్నెండు, పదిహేను మి.మీ. ఎక్కువొస్తుంది; మీ దగ్గరున్నది 2.50 రిమ్ము అయితే 3.00 అనుకుని టైరు కొంటారు. పాత స్పోకు రిమ్ముల మీద డబ్ల్యూఎం అని ఉంటే డబ్ల్యూఎం1 అంటే 1.60, డబ్ల్యూఎం2 అంటే 1.85, డబ్ల్యూఎం3 అంటే 2.15 అంగుళాలు.

3. టైరు ఎంచుకోండి, సన్నదాన్నుంచి మొదలుపెట్టి

మోటో3 (ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 250 సీసీ క్లాసు) రేసు బైకులకి నిబంధన ప్రకారం ముందు 2.50, వెనక 3.50 అంగుళాల రిమ్ములే. ఇప్పుడు వాటికి వచ్చే పిరెల్లి టైర్లు ముందు 100/70, వెనక 120/70 (మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో). ఆర్15 కన్నా దాదాపు మూడు రెట్లు శక్తి ఉన్న బండి అంత సన్నటి చక్రాల మీద 200 దాటి పోతోంది. మన 18, 19 గుర్రాల బండికి 150 టైరు ఎందుకో మీరే ఆలోచించుకోండి.

వెడల్పు పెరిగితే మూడు నష్టాలు. ఒకటి బరువు. టైరు అంచున పెరిగే ప్రతి వంద గ్రాములూ వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండొందల గ్రాముల్లా లాగుతాయి, ఎందుకంటే ఆ బరువుని ముందుకి నెట్టడమే కాదు, తిప్పాలి కూడా. రెండు, వాలు. టైరు వెడల్పయ్యే కొద్దీ వంగినప్పుడు నేలని తాకే చోటు మధ్యగీత నుంచి పక్కకి జరుగుతుంది, అందుకని అదే మలుపుని అదే వేగంతో తీయడానికి బండిని ఇంకొంచెం వంచాలి. బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని 45 డిగ్రీల వాలు దగ్గర లెక్క కడితే, 120కీ 140కీ మధ్య ఈ తేడా ఒక డిగ్రీకి కాస్త తక్కువ. ఫుట్‌పెగ్గు నేలకి రాసుకుంటున్న బండికి అది చిన్న సంగతి కాదు. మూడు, వేడి. చిన్న బండి పెద్ద టైరుని వేడెక్కించలేదు, చల్లటి టైరు మీద జారతారు.

పట్టు కావాలంటే వెడల్పు కాదు, మెత్తటి రబ్బరు కొనండి. అదే సైజులో దూరాలకి తయారైన గట్టి టైరుకీ, స్పోర్ట్ టైరుకీ మధ్య తేడా, 130కీ 140కీ మధ్య తేడా కన్నా చాలా పెద్దది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- తయారై రెండేళ్లు దాటింది వద్దు. రబ్బరు గట్టిపడుతుంది, తగ్గింపు ధరలో అమ్మేవి తరచూ ఇవే.
- వేగం అక్షరం: పీ 150, ఎస్ 180, హెచ్ 210 కి.మీ. వరకు. ట్రాక్ మీద పీ కన్నా తక్కువది వద్దు. ఎస్ లేదా హెచ్ దొరికితే అదే తీసుకోండి.
- ముందు వెనక ఒకే కంపెనీ, ఒకే మోడల్ జత. రేడియల్, మామూలు టైరు కలిపి వేయొద్దు. బండి కంపెనీయే అలా ఇచ్చి ఉంటే (ఆర్15 మూడో వెర్షన్‌లో ముందు మామూలుది, వెనక రేడియల్) ఆ అమరిక వరకే పరవాలేదు.
- పెద్ద బండ్ల వాడేసిన స్లిక్కులు (గాళ్లు లేని రేసు టైర్లు) చౌకగా వస్తాయి. వద్దు. వార్మర్లు (టైరుని ముందే వేడిచేసే కరెంటు దుప్పట్లు) లేకుండా, ఇంత తక్కువ శక్తితో అవి పనిచేసే వేడికి రావు.

4. ఆ టైరుకి రిమ్ము వెడల్పు సరిపోతుందో చూడండి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే మిగతావాటిలో సగం ఇబ్బందులు రావు. సుమారుగా సరిపడే జతలు ఇవి. మీరు కొనే టైరు కంపెనీ పట్టికలో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

- 90/80-17: 2.15
- 100/80-17: 2.50
- 110/70-17: 3.00
- 120/80-17: 2.75
- 130/70-17: 3.50
- 140/70-17: 4.00
- 150/60-17: 4.00 నుంచి 4.50

రిమ్ము అరంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుంది. అంటే సన్నటి రిమ్ముకి 150 ఎక్కిస్తే మీకు దొరికేది 150 కాదు, నొక్కుకుపోయిన 143 లాంటిది. అది వెడల్పు తగ్గడంతో ఆగదు. పక్కలు లోపలికి గుంజుకుని టైరు నెత్తి కోసుగా తేలుతుంది. నిటారుగా ఉన్నప్పుడు నేలని తాకే భాగం సన్నబడుతుంది, వంచడం మొదలుపెట్టగానే బండి ఒక్కసారిగా పడిపోతున్నట్టు ఉంటుంది, అంచున ఉన్న రబ్బరు నేలని ముట్టకుండానే టైరు మధ్యలో అరిగిపోతుంది.

వెడల్పు రిమ్ముకి సన్న టైరు వేస్తే దీనికి తిరగబడి జరుగుతుంది. నెత్తి చదునవుతుంది, వంచడానికి బరువుగా ఉంటుంది, పూర్తిగా వంచాక రబ్బరు అంచు అయిపోతుంది. ఈ రెండో తప్పు మొదటిదానికన్నా ప్రమాదం: అంచు దాటితే హెచ్చరిక ఉండదు.

టైరు ఎక్కించి గాలి పట్టాక వెర్నియర్‌తో అసలు వెడల్పు కొలవండి. ఒకే 130 అని రాసి ఉన్నా కంపెనీని బట్టి నాలుగైదు మి.మీ. తేడా ఉంటుంది. స్నేహితుడి బండికి పట్టింది కాబట్టి మనకీ పడుతుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

5. బయటి వ్యాసం లెక్క కట్టండి

టైరు వెడల్పుని పక్కన ఉన్న శాతంతో గుణించి, దాన్ని రెట్టింపు చేసి, 431.8 (17 అంగుళాలు మి.మీ.లో) కలపండి. 140/70-17కి: 140 × 0.70 × 2 = 196; 196 + 431.8 = 627.8 మి.మీ.

- 90/80: 576
- 110/70: 586
- 100/80: 592
- 90/90: 594
- 150/60: 612
- 130/70: 614
- 120/80: 624
- 140/70: 628

ఇందులో 150/60నీ 140/70నీ పక్కపక్కన పెట్టి చూడండి. "పెద్ద టైరు" వేశాననుకున్నవాళ్ల చక్రం నిజానికి 16 మి.మీ. చిన్నదైంది, బండి వెనక భాగం 8 మి.మీ. దిగింది. స్టీరింగ్ బద్ధకంగా మారిందని, పెగ్గులు ముందుకన్నా తొందరగా రాసుకుంటున్నాయని వచ్చే ఫిర్యాదుకి మూలం ఇదే.

ఈ లెక్కలు పోల్చుకోవడానికే. మనిషి కూర్చున్నాక నేల మీద దొర్లే దూరం లెక్క కన్నా ఒకటి నుంచి మూడు శాతం తక్కువ వస్తుంది. కాబట్టి పాత టైరు లెక్కని కొత్త టైరు లెక్కతో, పాత సుద్దగీత కొలతని కొత్త సుద్దగీత కొలతతో మాత్రమే పోల్చండి. రెండూ కలపొద్దు.

6. ముందూ వెనకా ఎత్తు సరిచేయండి

ఆర్15 మూడో, నాలుగో వెర్షన్ల వీల్‌బేస్ 1325 మి.మీ. ఈ పొడవు మీద వెనక 7 మి.మీ. దిగితే (140/70 నుంచి 130/70కి మారితే దిగేది అంతే) ఫోర్కు కోణం సుమారు 0.3 డిగ్రీ వెనక్కి పడుకుంటుంది, ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలని తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం) 2 మి.మీ. దాకా పెరుగుతుంది. బండి నేరుగా కుదురుగా పోతుంది, తిరగడానికి కొంచెం మొరాయిస్తుంది.

ముందు టైరు కూడా మార్చి ఉంటే, ముందు దిగిన ఎత్తుని వెనక దిగినదాంట్లోంచి తీసివేయండి. 100/80 నుంచి 110/70కి వెళ్తే ముందు 3 మి.మీ. దిగుతుంది, మిగిలే తేడా 4 మి.మీ. దాన్ని సరిచేయడానికి ఫోర్కు గొట్టాల్ని క్లాంపుల్లో అంతే పైకి జరపండి. మాన్యువల్ టార్క్ ప్రకారం బిగించి, రెండు వైపులా పొడుగు సమానంగా ఉందో వెర్నియర్‌తో చూడండి. ఒక్క మి.మీ. తేడా ఉన్నా యాక్సిల్ సాఫీగా జారదు.

ఒకేసారి 3 మి.మీ. కన్నా ఎక్కువ జరపొద్దు. నడిపి చూసి, ఇంకా కావాలంటే మళ్లీ జరపండి.

ఇంకో దారి వెనక ఎత్తు పెంచడం, అంటే షాక్ పొడుగు మార్చడం. నేలకి జాగా తక్కువగా ఉన్న బండికి ఇదే మంచిది. కానీ లింకేజీ (షాక్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య మీటల అమరిక) ఉన్న బండ్లలో షాక్ దగ్గర ఒక మి.మీ. మారిస్తే చక్రం దగ్గర రెండు మూడు మి.మీ. మారుతుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చెయ్యి) పైన టేపుతో కొలుచుకుంటూ చేయండి, అంచనాతో కాదు.

7. వేరే బండి చక్రం ఎక్కిస్తుంటే మాత్రమే

టైరు మాత్రమే మారుస్తుంటే ఈ మెట్టు వదిలేయండి. ఆర్‌సీ చక్రాల్లాంటివి ఎక్కిస్తుంటే నెమ్మదిగా చదవండి, ఎందుకంటే వెడల్పు రిమ్ము కోసం ఇంత పని చేసేవాళ్లలో చాలామందికి తిరిగొచ్చేది బరువు మాత్రమే.

ముందు వేలాడే తూకంతో రెండు చక్రాలూ తూచండి. కొత్తది బరువైతే అక్కడితో ఆగిపోవడం మేలు.

తేలికైతే ఈ వరుసలో చూడండి. యాక్సిల్ లావు, బేరింగ్ లోపలి రంధ్రం ఒకటేనా? కాకపోతే బేరింగ్ బయటి వ్యాసం అలాగే ఉంచి లోపలి వ్యాసం మీ యాక్సిల్‌కి సరిపోయే బేరింగ్ వెతకాలి. యాక్సిల్‌ని అరగదీయడం, బేరింగ్‌లో రేకు చుట్టడం చేయొద్దు.

తర్వాత రెండు బేరింగుల మధ్య ఉండే లోపలి గొట్టం. పైకి కనబడదు కాబట్టి దీన్ని అందరూ మర్చిపోతారు. పొట్టిగా ఉంటే యాక్సిల్ బిగించగానే బేరింగుల్ని పక్కనుంచి నొక్కేస్తుంది, రెండు మూడు సెషన్లలో బేరింగ్ వేడెక్కి పాడవుతుంది. పొడుగ్గా ఉంటే బేరింగ్ అడుగంటా కూర్చోదు, చక్రం ఊగుతుంది. పరీక్ష తేలిక: యాక్సిల్‌ని పూర్తి టార్క్‌కి బిగించి చక్రం వేలితో తిప్పండి. బిగించకముందు ఎంత తేలిగ్గా తిరిగిందో బిగించాకా అంతే తేలిగ్గా తిరగాలి.

బయటి స్పేసర్లు లేత్ మీద చేయించేటప్పుడు చక్రం మధ్యలోకి వచ్చేలా చూడడమే కాదు, స్ప్రాకెట్ ముందు స్ప్రాకెట్‌తో ఒకే గీతలో ఉండాలి, డిస్కు, బ్రేకు కాలిపర్ (ప్యాడ్లుండే భాగం) నడిమధ్యలో నుంచి పోవాలి. జారే కాలిపర్ ఉన్న బండ్లలో డిస్కు రెండు మి.మీ. పక్కకి ఉన్నా కాలిపర్ సర్దుకుపోయి తప్పు కనబడనివ్వదు, ప్యాడ్లు వంకరగా అరిగినప్పుడు తెలుస్తుంది.

డిస్కు వ్యాసం వేరైతే కాలిపర్ బ్రాకెట్ కూడా మారాలి. వెల్డింగ్‌తో అతికించిన బ్రాకెట్‌తో ట్రాక్ ఎక్కొద్దు. ఏబీఎస్ ఉన్న బండికి సెన్సర్ రింగు పళ్లు పాతదానికి సమానంగా ఉండాలి, ముందు వెనక వ్యాసాల నిష్పత్తి పాతదానికి దగ్గరగా ఉండాలి. లేకపోతే ఏబీఎస్ అవసరం లేని చోట బ్రేకు వదిలేస్తుంది.

8. జాగా చూడండి

టైరు ఎక్కించి, బీడ్ పక్కన ఉండే సన్నటి గీత రిమ్ము అంచు నుంచి చుట్టూ సమానంగా కనబడేదాకా గాలి పట్టించండి. ఒకచోట గీత లోపలికి పోయి ఉంటే బీడ్ కూర్చోలేదు: గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ పట్టించండి. టైరు మీద రాసిన గరిష్ఠ ప్రెజర్ దాటనివ్వొద్దు. బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందో చూడండి. పంక్చర్ షాపులో ఇది తరచూ తిరగబడుతుంది.

కనీసం ఉండాల్సినవి: స్వింగ్ ఆర్మ్‌కి రెండు పక్కలా 5 మి.మీ., చైనుకి 5 మి.మీ., మడ్‌గార్డ్, హగ్గర్‌లకి (వెనక టైరుని అంటిపెట్టుకుని ఉండే చిన్న మడ్‌గార్డ్) 8–10 మి.మీ. బండి స్టాండ్ మీద ఉన్నప్పుడు ఇవి చూసి సరే అనుకుంటే మోసపోతారు. ముందు ఫోర్కు స్ప్రింగులు తీసి, ఫోర్కు అడుగంటా నొక్కి, టైరు రేడియేటర్‌కీ, కింది క్లాంపుకీ, ఫెయిరింగ్‌కీ తగలట్లేదని చూడండి. ఫోర్కు పైకి జరిపి ఉంటే ఇది తప్పనిసరి. వెనక షాక్ కింది బోల్టు తీసి చక్రాన్ని చేత్తో పైకంటా ఎత్తండి.

కంటికి అందని చోట క్లే ముద్ద అతికించి నొక్కి, విప్పాక ఎంత మందం మిగిలిందో కొలవండి. చైను వదులు చేసినప్పుడు చక్రం ముందుకి వస్తుంది, కాబట్టి అడ్జస్టర్ ముందుకంటా ఉన్నప్పుడు కూడా ఒకసారి చూడాలి.

చివరగా దారం. వెనక టైరు వెనక నుంచి రెండు పక్కలా దారం లాగి ముందు చక్రం దాకా తెచ్చి, రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో చూసుకోండి. స్వింగ్ ఆర్మ్ మీది గుర్తుల్ని నమ్మొద్దు, అవి చాలా బండ్లలో కచ్చితంగా ఉండవు.

9. గేరింగ్ తిరిగి చూసుకోండి

టైరు చిన్నదైతే గేరింగ్ పొట్టిదవుతుంది: ఊపు పెరుగుతుంది, చివరి వేగం తగ్గుతుంది. 140/70 నుంచి 130/70కి వెళ్తే వ్యాసం 2.2 శాతం తగ్గింది. వెనక 48 పళ్ల స్ప్రాకెట్ ఉంటే దాని మీద ఒక పన్ను రెండు శాతానికి సమానం. అంటే టైరు మార్చడమే మీకు ఒక పన్ను పెంచినట్టు. పాత గేరింగే కావాలంటే 47 వేయండి.

ముందు స్ప్రాకెట్ జోలికి మొదటే వెళ్లొద్దు. 14 పళ్లలో ఒకటి మారిస్తే ఏడు శాతం, వెనక మూడున్నర పళ్లంత. టైరు వల్ల వచ్చిన చిన్న తేడాకి అది చాలా ఎక్కువ.

10. ట్రాక్ మీద సరిచూడడం

బ్యాలెన్సింగ్ చేయించి, చల్లటి టైరులో బండి కంపెనీ చెప్పిన ప్రెజర్ కన్నా 2–3 పీఎస్ఐ తక్కువతో మొదలుపెట్టండి. సెషన్ నుంచి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే కొలవండి. 3 నుంచి 5 పీఎస్ఐ పెరిగి ఉంటే బాగుంది. అంతకన్నా ఎక్కువ పెరిగితే మొదట పట్టిన గాలి తక్కువైంది, టైరు ఎక్కువగా నలిగి వేడెక్కింది. ఇక్కడ చాలామంది గాలి ఇంకా తీసేస్తారు, పరిస్థితి ఇంకా చెడుతుంది. దాదాపు పెరగకపోతే గాలి ఎక్కువగా ఉందన్నమాట, లేదా టైరు మీ వేగానికి మరీ గట్టిది.

పాత చక్రాలు, కొత్త చక్రాలు, మళ్లీ పాత చక్రాలు: ఈ వరుసలో నడపండి. ఉదయం కన్నా మధ్యాహ్నానికి ట్రాక్ మీద పట్టు మారుతుంది, మీ చేయి కూడా తిరుగుతుంది. పాతవి, కొత్తవి అని రెండుసార్లే నడిపితే రెండోది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. పెట్రోలు ఒకే మట్టంలో ఉంచండి, ఆ రోజు ఇంకేదీ మార్చొద్దు. ఒక్క మెరుగైన ల్యాప్ చూసి మురిసిపోకుండా మధ్యలోని నాలుగైదు ల్యాపుల్ని పోల్చండి.

లక్షణాన్ని బట్టి కారణం:

- టైరు మధ్యలో అరిగి, రెండు అంచులా వెడల్పుగా ముట్టని పట్టీ ఉంది: నొక్కుకుపోయిన టైరు, రిమ్ము సన్నది. లేదా మీరు ఇంకా అంత వంచట్లేదు. సుద్దతో టైరు అడ్డంగా గీత గీసి వెళ్లి వస్తే ఎంతవరకు వాడుతున్నారో తెలుస్తుంది.
- అంచు చివరిదాకా అరిగి, అక్కడ రబ్బరు చిరిగినట్టుంది: రిమ్ము వెడల్పు ఎక్కువ, నెత్తి చదును. వెంటనే ఆపండి.
- మలుపు మధ్యలో బండి బయటికి పోతోంది: వెనక దిగింది, 6వ మెట్టు చూడండి.
- బ్రేకు వేసేటప్పుడు తోక ఊగుతోంది, హ్యాండిల్ మరీ తేలిగ్గా ఉంది: ముందు మరీ దించారు. ఫోర్కు 2 మి.మీ. కిందికి.
- స్ట్రెయిట్‌లో బ్రేకు గుర్తుకి చాలా ముందే లిమిటర్ (ఇంజన్ ఆర్‌పీఎం హద్దు) తగులుతోంది: వెనక ఒక పన్ను తగ్గించండి. చివరి గేరులో ఆర్‌పీఎం ఎక్కట్లేదు అయితే ఒకటి పెంచండి.
- హబ్బు చెయ్యి పెట్టలేనంత వేడి: లోపలి గొట్టం లేదా రాసుకుంటున్న బ్రేకు ప్యాడ్. విప్పకుండా తర్వాతి సెషన్‌కి వెళ్లొద్దు.

12 అంగుళాల మినీ బైకులకి

ఇక్కడా వరుస అదే, అంకెలే వేరు. హోండా ఎన్ఎస్ఎఫ్100 వచ్చిన సైజులు ముందు 100/90-12, వెనక 120/80-12, అంటే సుమారు 485, 497 మి.మీ. వ్యాసం. 12 అంగుళాల రేసింగ్ టైర్లు ఎక్కువగా ఈ జతలోనే వస్తాయి. హోండా గ్రోమ్‌కి కంపెనీ ఇచ్చేది 120/70, 130/70 అయినా, రేసుకి దానిమీద కూడా ఈ జత వేసేవాళ్లు చాలామంది. మన దగ్గర సాధన కోసం 12 అంగుళాల స్కూటర్ టైర్లు (ఎన్‌టార్క్‌వి 100/80, 110/80) దొరుకుతాయి. నేర్చుకునే రోజుల్లో చాలు, కానీ వాటి రబ్బరు గట్టిది, సమయాలు పోల్చడానికి పనికిరావు.

చిన్న చక్రం అదే వేగానికి ఎక్కువసార్లు తిరుగుతుంది: గంటకి వంద దగ్గర 17 అంగుళాలది నిమిషానికి సుమారు 900 చుట్లు, ఇది 1,100 చుట్లు దాకా. టైరు తొందరగా వేడెక్కుతుంది, బేరింగులు తొందరగా అరుగుతాయి, కాబట్టి సెషన్ మధ్యలో గాలి, నెలకోసారి బేరింగులు చూడాలి. కార్ట్ ట్రాక్ అంచుల మీద ఎక్కించే పిల్లల బండ్లకి రిమ్ము బెండు కూడా తరచూ వస్తుంది. చక్రం తిప్పుతూ స్కేలు అంచు దగ్గర పెట్టి చూసి, 1 మి.మీ. దాటి ఊగితే మార్చేయండి, సుత్తితో కొట్టించొద్దు.

ఇక మొదట్లో చెప్పిన మూడో ప్రశ్న, 17 తీసేసి చిన్న చక్రం వేయడం. 17 అంగుళాల ఫ్రేముకి 12 చక్రాలు ఎక్కిస్తే ముందు భాగం దాదాపు 53 మి.మీ. దిగుతుంది, వెనక అంతకన్నా ఎక్కువ. పెగ్గులు, సైలెన్సర్, సైడ్ స్టాండ్ బ్రాకెట్ అన్నీ సగం వాలుకే నేలని తాకుతాయి, వెనక గేరింగ్ అయిదో వంతు పొట్టిదవుతుంది. చిన్న చక్రాలే కావాలంటే వాటికోసం తయారైన ఫ్రేమున్న బండి కొనండి.